బైకు అద్దంలో మోచెయ్యే కనపడుతోందా? మిర్రర్ ఎక్స్‌టెన్షన్లు ఇలా కొలిచి, ఇలా బిగించండి

నేను పురుగుమందుల కంపెనీకి ఫీల్డులో పనిచేస్తాను. ఇల్లు నరసరావుపేటలో. చిలకలూరిపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, దాచేపల్లి... ఎరువుల షాపు ఎక్కడుంటే అక్కడికి బండి మీదే. బండి యమహా ఎఫ్‌జెడ్, వెనక రెండు పక్కలా శాంపిళ్ళ బ్యాగులు. నాకు భుజాలు వెడల్పు. మామూలు చొక్కాతో పర్వాలేదు గానీ, జర్కినో రెయిన్‌కోటో వేసుకున్నానంటే బండితో వచ్చిన అద్దంలో దాదాపు సగం నా మోచెయ్యే ఉండేది.

పిడుగురాళ్ళ వైపు తిరిగేవాళ్ళకి తెలుసు, ఆ రోడ్డు మీద సున్నం లారీలు, సిమెంటు ట్యాంకర్లు ఎలా వస్తాయో. ముందున్న ఆటోని దాటాలంటే కుడికి జరగాలి, జరగాలంటే వెనక ఏముందో తెలియాలి. ఒక లెక్క చూడండి. మీరు 60లో వెళుతున్నారు, వెనక కారు 100లో వస్తోంది. తేడా గంటకి 40 కిలోమీటర్లు, అంటే సెకనుకి 11 మీటర్ల పైమాటే. 100 మీటర్ల వెనక ఉన్న ఆ కారు 9 సెకన్లలో మీ పక్కన ఉంటుంది. ఆ 9 సెకన్లలో మోచెయ్యి లోపలికి ముడిచి, మెడ పక్కకి వంచి, కారు ఎక్కడుందా అని అద్దంలో వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు. ఒక్క చూపులో తెలిసిపోవాలి.

అందుకే ఎక్స్‌టెన్షన్లు వేసుకున్నాను. ఇవి అద్దం కాడకీ హ్యాండిల్‌కీ మధ్యలో బిగించే చిన్న మెటల్ ముక్కలు. అద్దాన్ని కాస్త బయటికో, పైకో జరుపుతాయి. అంతే. కానీ షాపులో ఏది కనపడితే అది తెచ్చి బిగించడం వల్ల వచ్చే తలనొప్పులు చాలా ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఎంత తక్కువ పొడవుతో పని జరిగితే అంతే వేయాలి. పొడవు పెరిగేకొద్దీ అద్దం వణుకుతుంది, సందుల్లో తగులుతుంది.

ముందు కొలవండి

బండి నిటారుగా ఉండాలి. మెయిన్ స్టాండ్ ఉంటే వేయండి, లేకపోతే ఎవరినైనా వెనక నుంచి పట్టుకోమనండి. సైడ్ స్టాండ్ మీద బండి ఎడమకి వాలిపోతుంది కాబట్టి ఆ కొలత పనికిరాదు. మీరు రోజూ ఎలా వెళతారో అలాగే కూర్చోండి. హెల్మెట్, జర్కిన్, బ్యాగులు అన్నీ ఉండాలి. చేతులు గ్రిప్పుల మీద, మోచేతులు మామూలుగా వదిలేసి. ఇక్కడ కావాలని చేతులు ముడిచి కూర్చుంటే కొలత మనల్నే మోసం చేస్తుంది.

ఇప్పుడు అద్దాన్ని సూటిగా వెనక్కి చూసేలా తిప్పండి. అంటే వెనక రోడ్డు మీద మీరు నడిపే వరసే కనపడాలి. అద్దంలో లోపలి అంచు నుంచి మీ మోచెయ్యి ఎంతవరకూ ఆక్రమించిందో చూసి, ఆ చెయ్యి ఆగిపోయిన చోట ఒక బొట్టుబిళ్ళ అతికించమనండి. మా ఆవిడ దగ్గర తీసుకున్న చిన్న నల్ల స్టిక్కరే నేను వాడింది. అద్దం పాడవదు, తర్వాత గోటితో గీకితే వచ్చేస్తుంది. దిగి, అద్దం లోపలి అంచు నుంచి స్టిక్కర్ దాకా స్కేలుతో కొలవండి.

సూటిగా వెనక్కి చూసే చూపు వరకూ లెక్క చాలా తేలిక. అద్దాన్ని ఎంత బయటికి జరిపితే, మోచెయ్యి దాటి కనపడే వెడల్పు దాదాపు అంతే పెరుగుతుంది. స్టిక్కర్ 5 సెంటీమీటర్ల దగ్గర ఉందనుకోండి. మోచెయ్యి పూర్తిగా మాయమవ్వాల్సిన పని లేదు, ఒక సెంటీమీటరు మేర కనపడటమే మంచిది. మన బండి ఎక్కడుందో, పక్క బండి ఎక్కడుందో పోల్చుకోడానికి ఆ కాస్త ఆనవాలు కావాలి. కాబట్టి మీకు కావాల్సింది 4 సెంటీమీటర్లు, షాపు భాషలో 40 ఎంఎం. స్టిక్కర్ 3 దగ్గరే ఉంటే 20 ఎంఎం చాలు. షాపువాడు 70 ఎంఎం ముక్క చూపించి ‘ఇదైతే మస్తుగా కనపడుద్ది’ అన్నా మీ కొలత మీదే నిలబడండి.

రెండు పక్కలా విడివిడిగా కొలవండి. చాలామందికి కుడీ ఎడమా ఒకేలా ఉండవు. థ్రాటిల్ పట్టుకున్న చెయ్యి కాస్త బయటికి ఉండటం మామూలే.

డబ్బు పెట్టకుండా అయ్యే పనులు

కొన్ని బండ్లకి అద్దం కాడ వంకరగా ఉంటుంది. కింద లాక్ నట్టు (కాడ తిరగకుండా పట్టి ఉంచే నట్టు) వదులు చేసి కాడనే కొంచెం బయటికి తిప్పి మళ్ళీ బిగిస్తే ఒకటి రెండు సెంటీమీటర్లు అక్కడే కలిసొస్తాయి. సర్వీసింగులో చాలాసార్లు ఈ కాడల్ని లోపలికి తిప్పి బిగించి ఇచ్చేస్తారు, మనం గమనించం. స్టిక్కర్ కొలతకి ముందే ఇది చూసుకోండి.

ఇంకోటి, అద్దం రకం. కొన్ని అద్దాలు చదునుగా ఉంటాయి, కొన్ని కాస్త ఉబ్బుగా ఉంటాయి. ఉబ్బు అద్దంలో ముఖం చిన్నగా కనపడుతుంది, వెనక ఎక్కువ మేర కనపడుతుంది. పాత అద్దం పగిలి ఎప్పుడో చదును అద్దం వేయించి ఉంటే, ఎక్స్‌టెన్షన్ కన్నా ముందు ఉబ్బు అద్దం వేయించడమే సరైన పని. కాకపోతే అందులో వెనక వచ్చే బండి ఉన్నదానికన్నా దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. కొత్తగా వేయించుకున్నవాళ్ళు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దంలో లారీని చూసి, వెంటనే తిరిగి నేరుగా చూసి, ఆ తేడా కంటికి అలవాటు చేసుకోండి.

ఏ రకం కొనాలి

బయటికి జరిపేవి ఒక రకం, పైకి లేపేవి ఇంకో రకం. మోచెయ్యి అడ్డమైతే బయటికి జరిపేది కావాలి. అద్దం కిందికి ఉండి ముంజెయ్యి, లేదా వెనక కూర్చున్నవాళ్ళ భుజం, లగేజీ అడ్డం వస్తుంటే పైకి లేపేది కావాలి. రెండూ ఒకేసారి చేసే మడత కాళ్ళ లాంటివి కూడా దొరుకుతాయి. వాటిల్లో కీళ్ళు ఎక్కువ, కీలు ఎక్కువైన కొద్దీ వదులయ్యే చోట్లూ ఎక్కువ. మన గతుకుల రోడ్లకి నేనైతే ఒకే ముక్కగా ఉండేదే చెబుతాను.

గుంటూరు, విజయవాడల్లో బైకు యాక్సెసరీస్ షాపుల్లో దొరుకుతాయి, హైదరాబాదులో పుత్లీబౌలి వైపు వెళితే కావాల్సినన్ని. పోత పోసిన నాసిరకం ముక్కలకీ, మిషన్ మీద కోసిన అల్యూమినియం ముక్కలకీ తేడా చేతిలో పట్టుకుంటేనే తెలుస్తుంది. కోసిన దాని అంచులు శుభ్రంగా ఉంటాయి, త్రెడ్ (బోల్టు మీది మర గాడి) మీద వేలు పెడితే ఎక్కడా గరుకు తగలదు. అడుగున దూరే బోల్టు ఇనుముదై ఉండాలి, దానికి సొంత లాక్ నట్టు ఉండాలి. లాక్ నట్టు లేని ఎక్స్‌టెన్షన్ ఎంత చవకైనా ముట్టుకోకండి.

అసలు జాగ్రత్త పడాల్సింది త్రెడ్ దగ్గర. మన బైకుల్లో ఎక్కువ వాటికి అద్దం బోల్టు 10 ఎంఎం, 1.25 పిచ్ (పిచ్ అంటే ఒక త్రెడ్ గాడికీ పక్క గాడికీ మధ్య దూరం). కొన్ని స్కూటర్లకి, చిన్న బండ్లకి 8 ఎంఎం. కొన్ని విదేశీ బండ్లకి 10 ఎంఎమ్మే గానీ పిచ్ 1.5 ఉంటుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, రెండు చుట్లు తిరుగుతాయి కూడా, మూడో చుట్టుకి త్రెడ్ నాశనం. అందుకే షాపుకి వెళ్ళేటప్పుడు మీ అద్దం ఒకటి విప్పి తీసుకెళ్ళి, అక్కడే వేళ్ళతో తిప్పి చూసి కొనండి.

యమహావాళ్ళు ఇంకా జాగ్రత్తగా వినాలి. చాలా యమహాలకి కుడి అద్దానికి రివర్స్ త్రెడ్ ఉంటుంది, అంటే మామూలుకి ఎదురు వైపు తిప్పితే బిగుసుకుంటుంది. దానికి కారణం ఉంది. కుడి అద్దానికి ముందు నుంచి ఏదైనా తగిలితే కాడ వెనక్కి, అంటే పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. మామూలు త్రెడ్ అయితే అటు తిరిగినప్పుడు ఇంకా బిగుసుకుంటుంది, ఏదో ఒకటి విరుగుతుంది. రివర్స్ త్రెడ్ అయితే వదులై తప్పుకుంటుంది. కాబట్టి యమహాకి కొనే జతలో ఒక ముక్కకి అడుగున బోల్టూ రివర్సే ఉండాలి, పైన అద్దం దూరే రంధ్రమూ రివర్సే ఉండాలి. అడుగున రివర్స్, పైన మామూలు త్రెడ్ ఉన్నవి కూడా అమ్ముతారు. అవి వేరే కంపెనీ అద్దాలు పెట్టుకునేవాళ్ళ కోసం. కవరు మీద యమహా అని రాసి ఉంది కదా అని నమ్మి తెచ్చుకోవద్దు, కుడి అద్దం అందులో తిప్పి చూడండి.

బిగించడం

మెకానిక్ దగ్గరికి వెళ్ళక్కర్లేదు, అరగంట పని. పానాలు రెండు కావాలి, 14 నంబరుది చాలా వాటికి సరిపోతుంది, కొన్నిటికి 13, 17 పడతాయి. ట్యాంకు మీద ఒక మందపాటి గుడ్డ కప్పండి. పానా జారి పడితే పెయింటు పోతుంది.

కాడ మొదట్లో ఉన్న రబ్బరు తొడుగుని పైకి జరపండి. ఒక చేత్తో కాడ పట్టుకుని రెండో చేత్తో లాక్ నట్టు వదులు చేయండి. ఎడమ అద్దం మామూలుగానే ఎడమకి తిప్పితే వస్తుంది. యమహా కుడి అద్దం మాత్రం కుడికి తిప్పితే వదులవుతుంది. రావట్లేదని పానాకి పైపు తగిలించి బలం చూపించే ముందు ఏ వైపు తిప్పుతున్నారో ఇంకోసారి చూసుకోండి. తుప్పు పట్టి ఉంటే రెండు చుక్కల నూనె వేసి, టీ తాగి వచ్చి మళ్ళీ ప్రయత్నించండి.

అద్దం వచ్చాక ఆ రంధ్రంలో ఉన్న దుమ్ము గుడ్డతో తుడవండి. మా వైపు సున్నం, సిమెంటు దుమ్ము గ్రీజుతో కలిసి గట్టిగా పేరుకుపోతుంది. అలాగే వదిలేసి కొత్త బోల్టు తిప్పితే త్రెడ్ కోసేస్తుంది. తర్వాత ఎక్స్‌టెన్షన్‌ని కనీసం నాలుగు చుట్లు వేళ్ళతోనే తిప్పండి. మధ్యలో బిగుసుకుంటే ఆగి, విప్పి, నిటారుగా పెట్టి మళ్ళీ మొదలుపెట్టండి. ఇంత చెప్పడానికి కారణం, చాలా బండ్లకి కుడి అద్దం బిగించే రంధ్రం బ్రేక్ ఆయిల్ డబ్బా ఉన్న అల్యూమినియం ముక్కలోనే ఉంటుంది. ఆ త్రెడ్ పోతే అద్దంతో ఆగదు, బ్రేకు భాగం మొత్తం మార్చాల్సి రావచ్చు.

చివరిదాకా తిప్పాక, ముక్కని మీకు కావాల్సిన వైపుకి, అంటే సూటిగా బయటికి ఉండేలా సర్దండి. అలా సర్దడానికి ఒక అర చుట్టు వెనక్కి తిప్పాల్సి వచ్చినా ఫర్వాలేదు. పట్టి ఉంచేది లాక్ నట్టే. ఒక పానాతో ముక్కని కదలకుండా పట్టుకుని, రెండో పానాతో లాక్ నట్టు బిగించండి. చేత్తో బిగుసుకున్నాక పానాతో ఇంకో పావు చుట్టు, అంతే. తర్వాత అద్దాన్ని ముక్కలో తిప్పి దాని లాక్ నట్టూ అలాగే. నట్టు వదులవ్వకుండా పట్టి ఉంచే జిగురు, నీలం రంగు త్రెడ్‌లాకర్ దొరికితే ఒక చుక్క వేయండి. ఎరుపుది వద్దు, రేపు విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది.

స్టార్ట్ చేయక ముందే హ్యాండిల్ పూర్తిగా ఎడమకీ, పూర్తిగా కుడికీ తిప్పండి. అద్దం గానీ ముక్క గానీ ట్యాంకుకి, వైజరుకి తగలకూడదు. బ్రేకు లివరు, క్లచ్ లివరు పూర్తిగా నొక్కి వదలండి. కేబుల్, బ్రేకు పైపు ఎక్కడా నలగకూడదు. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీయడానికి చోటు ఉందో లేదో కూడా చూడండి.

సర్దుకోవడం

ఇక్కడే చాలామంది తొందరపడతారు. అద్దం ఒక్క డిగ్రీ తిరిగితే అందులో చూపు రెండు డిగ్రీలు తిరుగుతుంది. 100 మీటర్ల వెనక అది మూడున్నర మీటర్లు. హైవే మీద ఒక లేను వెడల్పు కూడా మూడున్నర మీటర్లే. అంటే కంటికి ఆనని ఆ కాస్త కదలికతో, కారు ఉన్న లేను అద్దంలోంచి పూర్తిగా తప్పుకుంటుంది. అందుకే వేలితో తోసి వదిలేయకుండా, గోరంత గోరంత కదుపుతూ చూసుకోవాలి.

మళ్ళీ హెల్మెట్, జర్కిన్‌తో నిటారు బండి మీద కూర్చోండి. నిలువుగా, దూరపు రోడ్డు అద్దం మధ్యకి రావాలి. అడ్డంగా, లోపలి అంచున మోచెయ్యి ఒక సెంటీమీటరు. ఆ తర్వాత మా అమ్మాయితో నేను చేయించిన పరీక్ష మీరూ చేయండి. ఒకరిని బండికి 20 అడుగుల వెనక నిలబెట్టి, మీ కుడి పక్కగా, పక్క లేనులో బండి వచ్చే దారిలో మెల్లగా ముందుకి నడవమనండి. మీరు ముందుకి చూస్తూ, కంటి కొసతోనే గమనించండి. ఆ మనిషి అద్దంలోంచి తప్పుకునే లోపే మీ కంటి కొసకి కనపడాలి. అద్దంలోంచి పోయి, కంటికీ ఆనకుండా రెండడుగులు నడిస్తే, ఆ రెండడుగుల చోటే మీ బ్లైండ్ స్పాట్. అద్దాన్ని ఇంకొంచెం బయటికి తిప్పి మళ్ళీ నడిపించండి. మా అమ్మాయి ఓపిగ్గా అటూ ఇటూ నడిచింది కాబట్టి, హెల్మెట్ అంచు నాకు పక్క చూపుని ఎంత కోసేస్తోందో కూడా తెలిసింది.

ఎంత సర్దినా కొంత చోటు మిగిలే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ వేసినా, గుండ్రటి చిన్న అద్దం అతికించినా, లేను మారే ముందు తల తిప్పి ఒక్కసారి భుజం మీదుగా చూడటం మానకూడదు.

వణుకు, వెడల్పు

సింగిల్ సిలిండర్ బండికి వణుకు సహజం. అద్దం దూరం జరిగిన కొద్దీ, గెడకర్ర కొస ఊగినట్టు, అదే వణుకు పెద్దగా కనపడుతుంది. ఖాళీ రోడ్డు మీద 50లో, 60లో, 80లో అద్దం చూడండి. వెనక ఉన్నది లారీయో బస్సో తేడా తెలియనంతగా చెదిరిపోతుంటే ముందు లాక్ నట్లు చూసుకోండి, తర్వాత హ్యాండిల్ చివర వెయిట్లు ఉన్నాయో లేదో చూడండి. గ్రిప్పులు మార్చినప్పుడు వాటిని తీసేసి మళ్ళీ పెట్టనివాళ్ళున్నారు. అయినా తగ్గకపోతే ముక్క పొడవు తగ్గించడమే దారి. బాగా కనపడే చిన్న అద్దం, చెదిరిపోయే వెడల్పాటి అద్దం కన్నా వెయ్యి రెట్లు నయం.

వెడల్పు సంగతి ఊళ్ళో తెలుస్తుంది. ఇన్నాళ్ళూ హ్యాండిల్ దూరితే బండి దూరినట్టే. ఇప్పుడు అద్దం ఆటో బాడీ ఎత్తులో, రెండు పక్కలా నాలుగేసి సెంటీమీటర్లు బయటికి ఉంటుంది. మొదటి వారం రోజులు సందుల్లో నిదానంగా వెళ్ళండి. బస్టాండు స్టాండులో, సినిమాహాలు దగ్గర బండ్లని ఒకదానికొకటి ఆనించి పెడతారు. అక్కడి కుర్రాళ్ళు మీ అద్దాన్ని లోపలికి తిప్పడం ఖాయం. బండి తీసిన ప్రతిసారీ, గేటు దాటక ముందే అద్దాలు చూసుకోండి.

అద్దాలు అందానికి అడ్డమని పీకేసి తిరిగే పిల్లలు మా షాపుల దగ్గర రోజూ కనపడతారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం వెనక వచ్చే బండ్లు స్పష్టంగా కనపడేలా అద్దం ఉండి తీరాలి. పోలీసులు జరిమానా వేస్తారన్నది పక్కన పెట్టండి. వెనక ఏముందో తెలియకుండా హైవే మీద కుడికి జరిగే పిల్లవాడిని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే ఈ ఆదివారమే అద్దాలు వేయించండి.

వానాకాలంలో అద్దం మీద చినుకులు నిలిస్తే ఏమీ కనపడదు. లారీ డ్రైవర్లు ముందు అద్దానికి బంగాళాదుంప ముక్క రుద్దడం చూసే ఉంటారు, బైకు అద్దానికీ అది కాసేపు పనిచేస్తుంది. దుమ్ముంటే మాత్రం ముందు నీళ్ళతో కడగండి, లేకపోతే గీతలు పడతాయి.

బిగించిన తర్వాత ఓ 100 కిలోమీటర్లు తిరిగాక రెండు పక్కలా నాలుగు లాక్ నట్లూ మళ్ళీ పానా వేసి చూడండి. కొత్త ముక్క కూర్చునేటప్పుడు కాస్త వదులవుతుంది. ఆ తర్వాత చైనుకి నూనె వేసినప్పుడల్లా చేత్తో కదిపి చూస్తే చాలు. విప్పిన పాత వాషర్లు, రబ్బరు తొడుగులు ఒక కవర్లో వేసి, కుడివీ ఎడమవీ కలవకుండా రాసి దాచండి. బండి అమ్మేటప్పుడో, ఎక్స్‌టెన్షన్ విరిగినప్పుడో అవే కావాలి.